అన్నయ్య పేరున్న డిస్కు

మా అక్కని ఆసుపత్రిలో అందరూ పేర్లమ్మ అంటారు. పుట్టిన పిల్లలకు పేర్లు పెడుతుందని కాదు, డిస్కులకు పెడుతుంది.

ఆవిడ పనేమిటో మా ఇంట్లో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే కంప్యూటర్లు చూస్తుందని చెప్పేవాళ్లం. "మా కంప్యూటరు మొరాయించింది, ఒకసారి చూడమనవే" అని పక్కింటావిడ వస్తే, "అది వేరు, ఇది వేరు పిన్నీ" అని నవ్వేది అక్క. అయినా వెళ్లేది. బాగుచేయడం చేతకాకపోతే దుమ్మయినా తుడిచి వచ్చేది.

ఒకనాడు నేను వదలకుండా అడిగితే, కూరలు తరుగుతూ చెప్పింది. ఆసుపత్రిలో స్కానింగు బొమ్మలు, రక్తపరీక్షలు, రోగుల వివరాలు అన్నీ పాతభవనం పై అంతస్తులో బీరువా అంత పెట్టెలో ఉంటాయి. దాని నిండా డిస్కులే. వాటిలోంచి తీసి డాక్టర్ల ముందు పెట్టే సర్వర్లేమో కొత్తభవనం అడుగున ఉంటాయి. రెండింటికీ మధ్య కేబుల్. అది తెగితే డాక్టర్లకు కళ్లకు గంతలు కట్టినట్టే. అందుకని రెండు కేబుళ్లు, వేరు వేరు దారుల్లో వేస్తారు. ఒకటి పోతే రెండోదాని మీద బండి నడుస్తుంది.

"మరి పేర్లెందుకే?" అన్నాను.

"అక్కడే ఉంది తిరకాసు. దారులు రెండు కదా, సర్వరుకి ఒకే డిస్కు రెండుసార్లు కనబడుతుంది. ఒకే మనిషి వీధిగుమ్మంలోంచి ఓసారి, పెరటిగుమ్మంలోంచి ఓసారి తొంగిచూస్తే, ఇద్దరు చుట్టాలొచ్చారనుకుని రెండు కంచాలు పెట్టే రకం అది."

"అచ్చం నీలాగే."

"నాలాగే అనుకో. పైగా దానికి మతిమరుపు. పొద్దున్న లేచి కళ్లు తెరవగానే ఎవరు ముందు కనబడితే వాళ్లకి ఎస్‌డీబీ, తర్వాతివాళ్లకి ఎస్‌డీసీ, ఆ తర్వాత ఎస్‌డీడీ అని వచ్చిన వరసలో తగిలించేస్తుంది. ఇంకోసారి ఆపి మొదలుపెడితే వరస తారుమారు. నిన్నటి బీ ఇవాళ డీ అవుతుంది. ఆ పేరు నమ్ముకుంటే కొంప మునిగినట్టే."

నిజంగానే ఒకసారి మునిగిందట. అక్కకి ముందు పనిచేసినాయన, ఎస్‌డీసీ ఖాళీ డిస్కే కదా అని తుడిచేశాడు. ముందురోజు వరకూ ఖాళీదే. రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి వరస మారింది. పాపం, ఎక్స్‌రే బొమ్మలన్నీ గాలికి పోయాయి. "ఆయన చెడ్డవాడు కాదే. పిలిస్తే పలికేది ఎవరో చూసుకోలేదు, అంతే" అంది అక్క. ఎవరినీ చెడ్డవాడనడం ఆవిడకి చేతకాదు.

ప్రతి డిస్కుకీ పుట్టుకతో వచ్చిన పొడుగాటి నంబరొకటి ఉంటుంది. ఏ దారిన కనబడినా, ఏ వరసలో కనబడినా అది మారదు, ఒంటిమీది పుట్టుమచ్చలాగ. అక్క ఆ నంబరు పట్టుకుని, "అమ్మా, ఆ గుమ్మంలోనూ ఈ గుమ్మంలోనూ కనబడేది ఒక్కళ్లే" అని సర్వరుకి నచ్చజెప్పి, మనుషులు పలకగలిగే పేరొకటి తగిలిస్తుంది. అప్పటినుంచి ఆ పేరు ఆ డిస్కుదే.

ఏ పేరైనా పెట్టుకోవచ్చు. చాలాచోట్ల ఒకటి, రెండు, మూడు అని పెట్టి ఊరుకుంటారట. మా అక్క తనకు మేలుచేసినవాళ్ల పేర్లు పెట్టింది. రక్తపరీక్షలది "ఆయమ్మ". ఉద్యోగంలో చేరిన రోజు కుండపోత వాన. గుమ్మం దగ్గర నిలబడ్డ అక్కకి, ముక్కూమొహం తెలియని ఆయమ్మ తన గొడుగు చేతిలో పెట్టి, "రేపు ఇద్దువులే" అని తడుస్తూ వెళ్లిపోయింది. మందులది "లిఫ్టు తాత". అక్క కడుపుతో ఉన్న రోజుల్లో తన నడక చూసి, పై అంతస్తువాళ్లు ఎంత గంట కొట్టినా లిఫ్టు కదపకుండా ఆపి ఉంచేవాడు. రోగుల వివరాలది "టీచరు". పల్లెటూరి బళ్లో మా ఇద్దరిచేతా ఇంగ్లీషు అక్షరాలు దిద్దించిన టీచరు. పలక లేని పిల్లకి తన బల్లమీదే సుద్దతో రాయడానికి చోటిచ్చిందావిడ.

"వాళ్లకి తెలుసా ఇదంతా?" అన్నాను.

"తెలియకపోతే ఏం? పొద్దున్న వెళ్లగానే కంప్యూటరు తెర తీసి ఒక్కొక్కళ్లనీ చూస్తాను. ఒక్కో పేరు కింద రెండేసి దారులు, రెండూ బాగున్నాయని వస్తుంది. దేవుడికి దణ్ణం పెట్టుకున్నట్టు ఉంటుంది నాకు."

అన్నిటిలోకీ పెద్దది, స్కానింగు బొమ్మలున్నది. దాని పేరు "అన్నయ్య".

మాకు అన్నదమ్ములు లేరు. అన్నయ్య అంటే ఆసుపత్రికి కేబుళ్లు వేసే మేస్త్రి. పొట్టిగా, దిట్టంగా ఉండేవాడు. చెవి వెనక ఎప్పుడూ పెన్సిలు ముక్క. ఆ గోడల్లోపల తీగలన్నీ ఆయన చేత్తో లాగినవే. అక్కా ఆయనా పక్కపక్క పనులవాళ్లు గనక మాటా మంచీ ఉండేది, అంతవరకే. ఒక మధ్యాహ్నం బావ మా మేడమెట్ల మీద గుండె పట్టుకుని కూలబడ్డాడు. అక్క మరిచిపోయిన తాళాల గుత్తి ఇవ్వడానికి అప్పుడే వచ్చాడు మేస్త్రి. బావని వీపున వేసుకుని మెట్లన్నీ దిగాడు, తన వ్యానులో పడుకోబెట్టి తీసుకెళ్లాడు, బావ కళ్లు తెరిచేదాకా బెంచీ మీదనుంచి లేవలేదు. కాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టరు. ఆ రోజునుంచి ఆయన మాకు అన్నయ్య, మేమిద్దరం ఆయనకి చెల్లెమ్మలం. నా వాటా అక్కవాళ్ల పక్కదే కనక, ఆయన వచ్చిన ప్రతిసారీ ఆ నవ్వులు నాకు గోడలోంచి వినిపించేవి.

"బావగారూ, ఒళ్లు తగ్గించాలి మీరు. ఈసారి పడితే నావల్ల కాదు" అనేవాడు.

"ఈసారి నేనే నడిచి దిగుతాలే మేస్త్రీ. నీ వీపుకంటే ఆ మెట్లే మెత్తన" అనేవాడు బావ.

అలా ఉండగా ఆసుపత్రివాళ్లు పాత కేబుళ్లు తీసేసి కొత్తవి వేయించాలనుకున్నారు. రెండు భవనాల్నీ కలుపుతూ పైన ఒక వంతెన ఉంది, దాని కప్పులోంచి ఒకటి వేస్తారు. రెండోది ఎటు వేయాలన్నదే మాట. కింద నేలలో ఒక సొరంగంలాంటి దారి ఉంది, మనిషి నడుం వంచి పోవాలి. తేమ, బురద, చీకటి. "రెండూ పైనుంచే వేస్తే సరిపోదామ్మా?" అని అడిగారు సూపరింటెండెంటు.

"సరిపోదు సార్. రెండూ ఒకే దారిన పోతే అవి రెండు కావు, ఒకటే. వంతెనకి ఏదైనా అయితే రెండూ పోతాయి. రెండోది కిందనుంచే రావాలి" అని పట్టుబట్టింది అక్క. సరేనన్నారాయన.

పని ముగిసిన సాయంత్రం మేస్త్రి మా ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. ప్యాంటు మోకాళ్ల దగ్గర మట్టి. కుర్చీలో కూలబడి కాళ్లు చాపాడు.

"అయిపోయింది చెల్లెమ్మా. నీ మాట ప్రకారం రెండోది నేలదారినే లాగాను. పాక్కుంటూ పోయాననుకో. ఇవి మోకాళ్లనుకున్నావా, తుప్పుపట్టిన తలుపుబందులు."

అక్క గబగబా లోపలికెళ్లి నూనె వెచ్చబెట్టి తెచ్చింది. బావ ఆ గిన్నె లాక్కుని నేలమీద కూర్చున్నాడు. "ఇటు చాపు మేస్త్రీ. నన్ను మోసిన మోకాళ్లివి" అని తనే రాశాడు. మేస్త్రి వద్దు వద్దంటూనే రాయించుకున్నాడు. వెళ్లేటప్పుడు మిగిలిన నూనె సీసాలో పోసి, మూత బిగించి ఇచ్చింది అక్క. "పడుకునే ముందు మళ్లీ రాసుకో అన్నయ్యా." ఆయన సీసా జేబులో పెట్టుకుని వెళ్లాడు.

మర్నాడు అక్క పరీక్ష చేసింది. సర్వర్ల గదిలో ఒక కేబుల్ కొస పీకింది. తెరమీద ఒక దారి పోయిందని వచ్చింది, బొమ్మలు మాత్రం ఆగకుండా వస్తున్నాయి. అది పెట్టి రెండోది పీకింది, అలాగే. ఈ పనిలో ఉన్నవాళ్లెవరైనా అంతవరకే చేస్తారట. కొసలు పీకి చూస్తారు. మధ్యలో అవి ఎటునుంచి ఎటు పోయాయో తెర చెప్పదు. అది వేసినవాడి నోటిమాట.

ఆ నోటిమాట మీద ఏడాదికి పైగా హాయిగా గడిచింది.

తర్వాత వంతెన గుమ్మం వెడల్పు చేయడానికి తాపీపనివాళ్లు దిగారు. ఆ ఉదయం అక్క ఇంకా కుర్చీలో సర్దుకోనే లేదు, వార్డుల్లో తెరలన్నీ బిగుసుకుపోయాయి. ఒకదాని తర్వాత ఒకటి ఫోన్లు. తెర తీసి చూస్తే ఆయమ్మ కింద రెండు దారులూ పోయాయి. లిఫ్టు తాత, టీచరు కిందా అంతే. అన్నయ్య పేరు కింద కూడా రెండు వరసలూ ఎర్రగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఆపరేషన్ గదిలో ఒక బస్సుడ్రైవరుకి మత్తిచ్చి పడుకోబెట్టారు. కడుపులో గడ్డ. అది ఏ నరాన్ని ఆనుకుని ఉందో స్కానింగు బొమ్మలో చూస్తేగానీ కత్తి పెట్టలేరు. బొమ్మ రావడం లేదు.

సూపరింటెండెంటు తనే కిందికి దిగి వచ్చారు. "రెండో దారి ఉందన్నారుగా?"

"ఉంది సార్. దారులు రెండూ వేరు, రెండూ ఒక్కసారిగా పోవు. పోయాయంటే పోయింది దారి కాదు, డిస్కుల పెట్టె అయ్యుంటుంది. ఇప్పుడే చూస్తాను."

ఆ మాట అంటుండగానే కాపలాదారు వచ్చాడు. "మేడమ్, వంతెన దగ్గర గోడలో ఏదో నల్లతీగ తెగిందంట. తాపీ ఆయన చెప్పమన్నాడు."

"తెగితే తెగనీ బాబూ, ఒకటేగా. దాని సంగతి తర్వాత చూద్దాం" అంది అక్క. ఆ మాట ఆవిడ నాకు చెప్పినప్పుడు చేత్తో తన నోరు తనే మూసుకుంది, అది అప్పుడే నోటంట వచ్చినట్టు.

అయినా మనసు ఊరుకోక, పాతభవనం మెట్లెక్కుతూ మేస్త్రికి ఫోన్ చేసింది. "అన్నయ్యా, నేలదారి కేబులు బాగానే ఉండి ఉంటుంది కదా? ఇక్కడ బల్లమీద మనిషున్నాడు, అందుకని అడుగుతున్నా."

అవతల సుత్తి చప్పుడు ఆగింది. తర్వాత, "ఉంటుంది చెల్లెమ్మా. దానికేమవుతుంది?" అన్నాడు.

అంతే. ఇక అక్క కేబుళ్ల వంకే చూడలేదు. పెట్టె ముందు కూర్చుంది. దాన్ని ఆపి మొదలుపెట్టింది. పెట్టె కంపెనీవాళ్లకి ఫోన్ చేస్తే, మేం వచ్చేదాకా ఇంకేమీ ముట్టుకోవద్దన్నారు. కొత్తభవనానికీ పాతభవనానికీ మధ్య పరుగే పరుగు. ఆపరేషన్ గది బయట బెంచీమీద డ్రైవరు భార్య కూర్చుని ఉంది. అక్క మూడోసారో నాలుగోసారో ముందునుంచి పోతుంటే, ఆవిడ లేచి తన నీళ్ల సీసా అందించింది. "ఎవరికోసం పరుగెడుతున్నారోనమ్మా, మొహం పాలిపోయింది. ఒక గుక్క తాగి వెళ్లండి." అక్క తాగింది. ఎవరికోసమో చెప్పలేకపోయింది.

చివరికి డాక్టర్లు కత్తి పెట్టకుండానే ఆయన్ని మత్తులోంచి లేపారు. ఒంటిమీద గాటు లేకుండా బయటికొచ్చిన మొగుణ్ని చూసి, ఆపరేషన్ అయిపోయిందనుకుని ఆవిడ దేవుడికి చేతులు జోడించిందట. నర్సు వెళ్లి మెల్లిగా చెప్పింది.

మధ్యాహ్నం దాటాక తాపీ ఆయన తనే వచ్చాడు. కబురు పంపితే ఎవరూ రాలేదని. చేతిలో ముక్కలు.

"అమ్మా, ఇవి మీవేనా చూడండి. చూసుకోకుండా కోసేశాం. తప్పు మాదే."

"ఒకటి తెగిందన్నారుగా?"

"ఒకటి కాదమ్మా, రెండు. జంటగా ఉన్నాయి, ఒకే గొట్టంలో. మీవాళ్లెవరో టేపు చుట్టి మరీ కట్టారు."

అక్క ఆ రెండు ముక్కల్నీ చేతిలోకి తీసుకుంది. టేపు చూసింది. మేస్త్రి చుట్టే పద్ధతి ఆవిడకు తెలుసు. మూడు చుట్లు చుట్టి, కొస లోపలికి మడుస్తాడు, మళ్లీ విప్పేవాడికి గోరు దొరకాలని. ఎదుటివాడి గోరు గురించి కూడా ఆలోచించే మనిషి అని ఆ మడతని చూసి ఎన్నోసార్లు మెచ్చుకుంది. ఇదీ అదే మడత.

సొరంగం తాళం కాపలాదారు దగ్గరే ఉంటుంది. అక్క వెళ్లి అడిగింది. "ఆ దారిలోకా? నేను చూస్తుండగా ఎవరూ నాలుగడుగులకి మించి దిగలేదు మేడమ్. కప్పలు కూడా మొహమాటపడతాయి అందులోకి పోవడానికి" అన్నాడు.

మేస్త్రిని పిలిపించారు. వచ్చాడు, వంతెన మీద నిచ్చెన వేసుకుని తెగిన కొసలు అతికించాడు. పనిలో మాత్రం ఆయన చెయ్యి చెయ్యే. అక్క కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది. పడిపోతాడేమోనని, అలవాటుగా.

"నడుం వంగలేదు చెల్లెమ్మా" అన్నాడు పైనుంచి, తలతిప్పకుండా. "ఆ సొరంగంలో నాలుగడుగులు దిగేసరికే నాకు కళ్లు తిరిగాయి. వంగలేనని చెబితే పని ఇంకోడికి పోతుంది. నామోషీ."

"నాకు చెప్పాల్సింది. నేనొచ్చి నీతో దిగేదాన్ని."

"చెప్పాలనే మీ ఇంటికొచ్చాను ఆ రోజు. నువ్వు నూనె తెచ్చావు."

"మరి ఇవాళ పొద్దున్న? ఫోన్‌లో?"

అతుకు మీద టేపు చుట్టాడు, మూడు చుట్లు, కొస లోపలికి మడత.

తెరలన్నీ తిరిగి వెలిగాయి. అన్నయ్య పేరు కింద రెండు దారులూ బాగున్నాయని వచ్చింది. అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

సాయంత్రం సూపరింటెండెంటు ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. "రెండో కేబులు పైనుంచి ఎందుకేశావయ్యా?" అని మేస్త్రిని అడిగారు.

మేస్త్రి చెవి వెనక పెన్సిలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అక్క వైపు చూడలేదు. "మేడమ్‌గారికి చెప్పే వేశాను సార్. కింద కుదరదంటే, సరే పైనే కానిమ్మన్నారు."

అక్కకి ముందు ఆ మాట అర్థమే కాలేదట. ఇంకెవరో మేడమ్ గురించి అంటున్నాడనుకుంది. అర్థమయ్యాక సూపరింటెండెంటు వైపు తిరిగింది.

"లేదు సార్" అంది. "కిందనుంచే వేశానన్నారు నాతో. నేను నమ్మాను. దిగి చూడలేదు. దిగి చూడకపోవడం నా తప్పు. కానిమ్మని మాత్రం నేననలేదు."

సూపరింటెండెంటు ఇద్దరి మొహాలూ చూశారు. కోపగించే మనిషి కాదాయన, ఆ రోజూ కోపగించలేదు. "మీ ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చడానికి నా దగ్గర తూకం లేదు. నేల కేబులు వేరేవాళ్లతో వేయిస్తాను. ఇకమీదట దారులు సరిగ్గా ఉన్నాయని చెప్పడానికి బయటినుంచి ఒక ఇంజనీరు వచ్చి చూస్తాడు" అన్నారు.

అంతకుముందు ఆ గదిలో మా అక్క "ఉంది సార్" అంటే ఉన్నట్టే. ఆ ఒక్క మాటే ఆవిడకున్న ఆస్తి. మర్నాటినుంచి "ఉంది సార్" అంటే, "ఎవరు చూశారు?" అనడం మొదలుపెట్టారు. మర్యాదగానే అనేవారు, నొప్పించాలని కాదు. గట్టిగా తిట్టినా అక్క తట్టుకునేదేమో.

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని అక్క ఇదంతా చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. "నేను విన్నానే! ఈ కుర్చీలోనే కూర్చుని నేలదారిన లాగానన్నాడు. బావా విన్నాడు. రేపు నేనొచ్చి చెబుతాను మీ సారుకి."

"ఇంటివాళ్ల సాక్ష్యం ఎవరికి కావాలే? అక్క కోసం చెల్లెలు చెప్పదా అంటారు. ఊరుకో."

బావ ముద్ద కలిపి అలాగే ఉంచాడు. పాపం, ఆయన బాధ వేరు. ఆయన ఊపిరే ఆ మనిషి పెట్టిన భిక్ష. తిట్టడానికి నోరు రాదు, ఊరుకోవడానికి మనసు రాదు. చివరికి, "ఆయన మోకాళ్లకి నిజంగా నొప్పి ఉంది. నేను రాశాను కదా, తెలుసు. కీళ్లు వాచి ఉన్నాయి" అన్నాడు.

"తెలుసు" అంది అక్క. "నొప్పి అబద్ధం కాదు. దిగలేకపోవడం తప్పు కాదు. భయపడి నా పేరు చెప్పాడు, అదీ పోనీ. కానీ సీసా తీసుకెళ్లాడు చూడు. ఆ నూనె సీసా. నేను మూత బిగిస్తుంటే కళ్లారా చూస్తూ నిలబడ్డాడు. ఆ చెయ్యే చాపి తీసుకున్నాడు." అని కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

వారం రోజులకి బస్సుడ్రైవరుకి ఆపరేషన్ అయింది, బాగా జరిగింది. అక్క వార్డుకి పళ్లు తీసుకెళ్లింది. తనెవరో చెప్పింది. డ్రైవరు భార్య పళ్లు పక్కన పెట్టి, "రెండుసార్లు చచ్చి బతికామమ్మా మేం" అంది. తర్వాత స్టూలు లాగి, కూర్చోమంది. దేవుడు కొందరికి అంత మనసిస్తాడు.

ఒక సాయంత్రం మేస్త్రి మా ఇంటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. బావ లేచి వెళ్లి, "లోపలికి రా" అన్నాడు. ఆయన అటూ ఇటూ కాకుండా గడపలో ఆగాడు. అక్క గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది, ఎవరొచ్చినా ఇచ్చినట్టే.

"తీసుకోండి మేస్త్రిగారూ."

గ్లాసు పట్టుకున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఆయన్ని గారూ అన్నవాళ్లు లేరు. నీళ్లు సగం తాగి గ్లాసు గడప పక్కన పెట్టాడు.

"సారుగారితో చెప్పేస్తాను చెల్లెమ్మా. నిజం చెప్పేస్తాను" అన్నాడు.

"మీ ఇష్టమండీ."

ఆయన చెప్పలేదు. చెబుతాడని అక్క కొన్నాళ్లు ఎదురుచూసిందని నాకు తెలుసు. సూపరింటెండెంటు గది నుంచి పిలుపు వచ్చినప్పుడల్లా కొంగు సర్దుకుని, మొహం తుడుచుకుని వెళ్లేది. వచ్చేది. ఏమిటని అడిగితే, "ప్రింటరు గురించి" అనేది.

నేల కేబులు వేసే రోజు వచ్చింది. కొత్త పనివాళ్లు. అక్క చీరె కుచ్చిళ్లు బిగించి వాళ్లతో సొరంగంలోకి దిగింది. కాపలాదారు తన రబ్బరు బూట్లు విప్పి ఆవిడ కాళ్లముందు పెట్టాడు. అవి పడవల్లా ఉన్నాయి. లైటు పట్టుకుని తను వట్టి కాళ్లతో ముందు నడిచాడు. "జాగ్రత్త మేడమ్, తల. ఇక్కడ బురద. మీరొస్తున్నారని కప్పలకి నిన్నే చెప్పి పెట్టాను." అక్క ఒక చెయ్యి కేబులు మీదనుంచి తీయకుండా ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచింది, నడుం వంచి. చూడ్డానికి వచ్చిన ఇంజనీరు, "మీరు చూశారు కదా, ఇంక నేనెందుకు" అని పైనే ఉండిపోబోయాడు. "లేదు బాబూ, మీరూ చూడాలి" అని ఆయన్నీ నడిపించింది.

పేర్లు మార్చాలంటే సర్వర్లు ఆపాలి. ఆపితే డాక్టర్లకు ఇబ్బంది. అందుకే అన్నాళ్లూ ప్రతి ఉదయం తెర తీయగానే ఆ పేరు చూడాల్సి వచ్చింది అక్కకి. అన్నయ్య, రెండు దారులు, రెండూ బాగున్నాయి. కొత్త కేబులు కోసం ఆ ఆదివారం ఉదయం ఎలాగూ అన్నీ ఆపారు. అన్నయ్య బదులు ఏ పేరు పెడుతుందోనని మేమంతా అనుకున్నాం. డ్రైవరు భార్య పేరే పెడుతుందని నేను, కాపలాదారు పేరని బావ.

ఏదీ పెట్టలేదు. ఉన్నది తీసేసి వచ్చింది. ఇప్పుడు ఆయమ్మ, లిఫ్టు తాత, టీచరు వరసగా ఉంటారు, చివర ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. దాంతో పని పడినప్పుడల్లా ఒక్కో అక్షరమూ చూసుకుంటూ కొట్టాలి. "ఇదేమిటమ్మా, దీనికి పేరు మరిచిపోయారా?" అని ఇంజనీరు అడిగితే, "దాని నంబరు దానికుంది కదండీ. అది ఎవరూ పెట్టింది కాదు" అందట.

ఆ రాత్రి అక్క దేవుడి ముందు కూర్చుంది. రోజూ పడుకునే ముందు మా అందరి పేర్లూ ఒక్కొక్కటే తలుచుకుంటుంది, చిన్నప్పటి అలవాటు. గోడ అవతల నాకు వినిపిస్తుంది. పిల్లలు, బావ, నేను, ఆయమ్మ, టీచరు ఆత్మ, బస్సుడ్రైవరు, ఆయన భార్య. అక్కడ మాట ఆగింది. బావ మెట్లమీద కూలబడిన నాటినుంచి తర్వాతి పేరు ఏమిటో నాకు తెలుసు.

లేచి వెళ్లిపోయిందేమో అనుకున్నాను.

"మేస్త్రిగారి మోకాళ్లు" అంది అక్క చివరికి. "వాటి నొప్పి తగ్గించు స్వామీ."

లైటు ఆర్పిన చప్పుడు, తలుపు గడియ.